ఇంటి ప్లాను మీద సంతకం పెట్టే ఇంజనీర్లకు ఒక బొంగుల అడితివాడి ఉత్తరం

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇళ్లకు ప్లాన్లు గీసే సివిల్ ఇంజనీర్లకు, లైసెన్సు సర్వేయర్లకు, వాటిని పాస్ చేసే అధికారులకు...

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

నాకు తిరుపతిలో రేణిగుంట పోయే దారిలో ఒక బొంగుల అడితి ఉంది. అంటే వెదురు బొంగులు, సరుగుడు కర్రలు పెట్టుకున్న కొట్టు. మా నాయన పెట్టింది. మీలో చాలామంది నా గిరాకీలే. మీ సైట్లలో పరంజాకు కట్టిన బొంగులు, స్లాబు కింద నిలబెట్టిన సరుగుడు కర్రలు, మీ బిడ్డల పెళ్లిళ్లకు ఇంటి ముందర వేసిన పందిరి గుంజలు ఎన్నో నా అడితి నుంచి వచ్చినవే. బాకీల సంగతి ఈ ఉత్తరంలో ఎత్తను, భయపడొద్దండి.

పోయిన వేసవిలో ఒక భార్యాభర్తలు నా దగ్గరికి వచ్చారు. బెంగళూరులో ఉద్యోగాలు మానుకుని చంద్రగిరి అవతల మామిడితోటలో ఇల్లు కట్టుకోవాలని వాళ్ల ఆశ. రెండు గదులు, ఒక వసారా, అంతే. పైన ఇంకో అంతస్తు వేసే ఉద్దేశం లేదు. వెదురుతో కట్టించమన్నారు. స్ట్రక్చర్ మీద సంతకం కావాలి కదా అని వాళ్లను వెంటబెట్టుకుని నాకు తెలిసిన ఒక ఇంజనీరు దగ్గరికి పోయాను. పేరు చెప్పను. మంచి మనిషి, పనిలో నిక్కచ్చి. ఆయన అప్పుడు ఒక లాడ్జీ సైటులో మూడో అంతస్తు బయటి గోడ పూత చూస్తున్నాడు. మేమూ పైకెక్కాం. విషయం విని ఆయన, "వెదురా? దానికి గ్యారంటీ ఎవరిస్తారన్నా? రేపు ఎవరి నెత్తినైనా పడితే లోపలికి పోయేది నేను" అన్నాడు.

ఆ మాట అనేటప్పుడు ఆయన నిలబడి ఉన్నది నా బొంగుల మీద. ఆయనతో పాటు ఇద్దరు మేస్త్రీలు, ఒక కూలి, నాలుగు సిమెంటు తట్టలు. కట్లన్నీ కొబ్బరితాడువి. నేను కిందికి చూశాను. ముప్ఫై అడుగుల కింద కంకర కుప్ప. ఆయన మాత్రం కిందికి చూడలేదు.

అక్కడ నేనేమీ మాట్లాడలేదు. దిగేటప్పుడు నవ్వొచ్చింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆయన మాటలో సగం న్యాయం ఉందనిపించింది. మిగతా సగం కోసమే ఈ ఉత్తరం.

న్యాయం ఉన్న సగమే ముందు చెప్తా. 2016లో మా అమ్మకు పెరట్లో ఒక గది వేశాను. స్లాబు కింద మే నెలలో పడుకోలేకపోతోంది పాపం. రాత్రి పదకొండైనా మిద్దె సెగ దిగదు. బొంగులకు మనకేం కరువు, పన్నెండు అడుగులకు పదహారు అడుగుల గది వేసేద్దాం అనుకున్నా. ఆగస్టులో లోడు దిగింది. పచ్చి బొంగులు, పట్టుకుంటే చేతికి చల్లగా తగిలాయి. వాటినే నేలలో రెండడుగుల గుంతలు తీసి నాటాను. అడ్డ బొంగులకు నాలుగంగుళాల మేకులు దిగ్గొట్టాను. దసరాకల్లా గది తయారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండింది. వచ్చినవాళ్లంతా సెల్ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు.

రెండో వేసవికి మా అమ్మ ఒక మాట అంది. "రాత్రంతా ఎవరో చాటతో మెల్లిగా చెరుగుతున్నట్టు చప్పుడొస్తోందిరా" అని. వయసైంది కదా, చెవులు గోల పెడుతున్నాయేమో అనుకున్నా. ఒకరోజు పొద్దున్నే ఆమె దుప్పటి దులుపుతుంటే సన్నటి పసుపుపచ్చ పిండి రాలింది. ముట్టుకుంటే శనగపిండిలా మెత్తగా ఉంది. పైకి చూస్తే వాసం నిండా గుండుసూది మొనంత బెజ్జాలు. ఒక బొంగును బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. మూడో వానాకాలానికి నేలలో నాటిన మొదళ్లు కుళ్లి, ఒక పక్క గోడ ఒరిగిపోయింది. మేకులు కొట్టిన చోటల్లా బొంగు నిలువునా చీలి ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అదొక్కటే అదృష్టం.

మేము మేదరోళ్లం. మూడు తరాలుగా వెదురే మాకు అన్నం పెట్టింది. అలాంటి ఇంట్లో వెదురు గది రెండేళ్లకు పిండైపోతే ఎంత తలవంపో మీరే ఆలోచించండి. మా అవ్వ అప్పటికి బతికే ఉంది. కూలిన గదిని చూసి ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "చెరువులో ఎన్నాళ్లు నానేశావురా?" అని.

చిన్నప్పుడు మా అబ్బ, అంటే మా తాత, బొంగుల్ని చెరువులో వేసి, పైన బండరాళ్లు పెట్టి నెలలకొద్దీ ముంచి ఉంచడం నాకు గుర్తుంది. తీసేటప్పుడు కంపు భరించలేం. బుట్టలల్లడానికి దబ్బ (బొంగు నుంచి చీల్చిన సన్నటి బద్ద) మెత్తబడాలని నానేస్తున్నాడని ఇన్నేళ్లూ అనుకున్నా. అవ్వ చెప్తే తెలిసింది. ఇంటి వాసాలకు పోయే బొంగుల్నే అలా నానేసేవాళ్లంట. బుట్టల బొంగులు వేరే. పురుగు తినేది వెదురును కాదు, వెదురులో ఉన్న పిండి పదార్థాన్ని. నీళ్లలో నెలల తరబడి ఉంటే ఆ పిండి, చక్కెర కారిపోతాయి. మా అబ్బ చదువుకోలేదు గానీ పురుగుకు అన్నం లేకుండా చేయడం ఆయనకు తెలుసు. చదువుకున్న నేను మాత్రం పురుగుకు పెళ్లిభోజనం పెట్టాను.

ఈ విద్య ఒక్క తరంలో ఎలా పోయింది? దీనికి నాకు తోచిన జవాబు ఒకటే. పందిళ్లు. మా నాయన కాలానికి మిద్దెలు వచ్చేశాయి, బోదగడ్డి కప్పిన కొట్టాలు పోయాయి. వాసాలకు వెదురు అడిగేవాడు లేడు. మిగిలిన గిరాకీ అంతా బ్రహ్మోత్సవాల పందిళ్లు, గంగమ్మ జాతర పందిళ్లు, పెళ్లిళ్లు, పరంజాలు. పందిరి పదో రోజుకు విప్పేస్తారు. విప్పేసేదానికి పురుగు పడితే ఎవడికి కావాలి? బొంగును ఎప్పుడు కోశారు, ఎంత ముదురు, ఎండిందా లేదా అని అడిగే అవసరమే పోయింది. ఏ నెలలో కోసినా, ఏడాది లేతదైనా లోడు అమ్ముడైపోతుంది. అలా మేము వెదురును తాత్కాలికపు సరుకుగా మార్చేశాం. మీరు కాలేజీలోంచి బయటికి వచ్చేసరికి మీ కంటికి కనిపించిన వెదురు ఇదే. అందుకే మిమ్మల్ని తప్పు పట్టను. మీకు చెడ్డ సరుకు చూపించింది మేమే.

2019లో అదే చోట రెండో గది వేశాను. ఈసారి ఏం చేశానో కాస్త వివరంగా రాస్తా. సంతకం పెట్టేవాళ్లు మీరు కాబట్టి ఓపిగ్గా చదవండి.

బొంగులు నవంబరు దాటాక కోయించాను. వానల్లో కొత్త కొమ్ములు వేసేటప్పుడు వెదురులో రసం, పిండి ఎక్కువ. చలికాలానికి తగ్గుతాయి. మా అవ్వ అమావాస్యకు ముందే కోయాలనేది, దాని సంగతి నాకు తెలియదు గానీ కాదనడం ఎందుకని అలాగే చేశా. మూడేళ్లు దాటిన బొంగే కోయాలి. వెదురు ఒక్క వానాకాలంలోనే పూర్తి ఎత్తు పెరిగిపోతుంది. ఎత్తు చూసి ముదిరిందనుకోకూడదు, గట్టిపడడానికి ఇంకో రెండు మూడేళ్లు పడుతుంది. ముదురు బొంగు మీద తెల్లటి మచ్చలు, పాచి మరకలు ఉంటాయి. కత్తి వెనక్కి తిప్పి కొడితే కణకణమంటుంది, లేతదైతే మొద్దుగా మోగుతుంది. ఇంకా అనుమానముంటే కోసిన చోట ఒక చుక్క టించర్ అయోడిన్ వేయండి. పిండి ఎక్కువుంటే నల్లగా, నీలంగా మారుతుంది. ఇది ఎనిమిదో తరగతిలో బంగాళదుంప ముక్క మీద అందరం చేసిన ప్రయోగమే.

తర్వాత మందు. పెరట్లో పదిహేను అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఇటుకలతో తొట్టి కట్టి టార్పాలిన్ పరిచాను. వెయ్యి లీటర్ల నీళ్లకు ముప్ఫై కిలోల బోరాక్స్, ఇరవై కిలోల బోరిక్ యాసిడ్. బోరాక్స్ అంటే మన కంసాలులు బంగారం కరిగించేటప్పుడు వేసే వెలిగారమే. వేడినీళ్లలో ముందు కరిగించి కలపాలి, లేకపోతే అడుగున ఉప్పులా పేరుకుంటుంది.

ఇక్కడే ఒక కిటుకు ఉంది. టేకు, వేప లాంటి మాన్లలో రసం అడ్డంగా పోయే దారులు కూడా ఉంటాయి. వెదురుకు అవి లేవు. దాని గొట్టాలన్నీ నిలువునే. పైచర్మం మైనం పూసినట్టుంటుంది. కాబట్టి ఊరికే ముంచితే మందు పక్కనుంచి లోపలికి పోదు. పన్నెండు అడుగుల ఇనప కడ్డీ ఒకటి కొన వాడిగా సాగగొట్టించి, బొంగు లోపలి కణుపులన్నీ ఈ చివర నుంచి ఆ చివరకు పొడిచేశాం. అప్పుడు బొంగు లోపలంతా మందు నిండుతుంది. లోపలి గోడ నుంచి ఎక్కుతుంది. రెండు వారాలు ముంచి, తీసి, నీడలో నిలబెట్టి నెలన్నర ఆరబెట్టాం. ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. వాసాలకు వాడిన సాధన వెదురుకు లోపల బోలు దాదాపు ఉండదు, కడ్డీ దిగదు, వాటిని ఇంకో వారం ఎక్కువ ఉంచాం.

మందు ఎక్కిందో లేదో ఎలా తెలుస్తుందంటారా? మీరు అడగాల్సిన ప్రశ్న ఇదే. దానికి మన వంటింట్లో పసుపు చాలు. పసుపును స్పిరిట్లో కలిపి, బొంగు కొసను అడ్డంగా కోసి, ఆ కోత మీద పూసి ఆరనివ్వాలి. దాని మీద హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపిన స్పిరిట్ పూస్తే బోరాన్ (బోరాక్స్, బోరిక్ యాసిడ్ రెండింట్లోనూ ఉండే మూలకం) చేరినచోట ఎర్రగా మారుతుంది, చేరనిచోట పసుపు పసుపుగానే ఉంటుంది. ఒక బొంగుకు ఎర్ర ఉంగరం లోపలి వైపు సగం దాకానే వచ్చింది. దాన్ని మళ్లీ తొట్టిలో వేశాం. గ్యారంటీ ఎవరిస్తారని అడిగారు కదా. కాంక్రీటుకు మీరు క్యూబులు నలగ్గొట్టి చూస్తారు. వెదురుకు ఇదీ మా క్యూబు టెస్టు.

ఈ మందుకు ఒక లోపం ఉంది, దాచను. బోరాన్ నీళ్లలో కరుగుతుంది. వాన నేరుగా కొడితే మెల్లమెల్లగా కారిపోతుంది. నేలలో నాటితే అంతే సంగతులు. కాబట్టి మందు వేసిన బొంగును కూడా నేలకు తగలనివ్వకూడదు, వానకు తడవనివ్వకూడదు. మన జిల్లాలో రాయికి కొదవా? ద్రాక్షపందిళ్లకు వేసే రాతి కూసాలు తెచ్చి, నేలమీదికి రెండడుగులు వచ్చేలా నాటాను. కూసం తలలో బెజ్జం తొలిచి ఇనప కడ్డీ నిలబెట్టి, ఆ కడ్డీ మీదికి బొంగును దింపి, కింది రెండు కణుపుల మధ్య సిమెంటు మోర్టార్ పోశాం. పైన మంగుళూరు పెంకు, చుట్టూ మూడడుగుల చూరు.

మేకు ఒక్కటి కూడా కొట్టలేదు. వెదురు నారలన్నీ ఒకే వైపు పోతాయి. లాగితే ఇనుముకు పోటీగా నిలుస్తుంది గానీ మేకు కొడితే కట్టెలు చీల్చినట్టు చీలుతుంది. అడ్డ బొంగు కుదురుగా కూర్చునేలా నిలువు బొంగు తల మీద గిన్నెలాగా తొలిచి, పక్కన డ్రిల్లుతో బెజ్జం వేసి, వాషర్లు పెట్టి బోల్టు బిగించాం. బోల్టు పోయే కణుపు గదిలో మోర్టార్ నింపాం, బిగిస్తే నలక్కుండా. ఈ పద్ధతిని కొలంబియాలో సిమోన్ వెలెస్ అనే ఆర్కిటెక్టు బాగా ప్రచారంలోకి తెచ్చాడు. గోడలకు దబ్బల తడిక, రెండు పక్కలా కోడివల, దాని మీద సిమెంటు పూత. చూసేవాడికి మామూలు గోడే.

2021 నవంబరు 18న తిరుపతిలో కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. ఎంతమంది కార్లు కొట్టుకుపోయాయో, ఎన్ని గోడలు కూలాయో అందరం చూశాం. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లన్నీ ఖాళీ చేయించిన రోజులవి. మా పెరట్లో మోకాలి లోతు నీళ్లు రెండు రోజులు నిలిచాయి. కాంపౌండు గోడ, అది ఇటుకది, పడిపోయింది. వెదురు గది నిలబడింది. రాతి కూసాల మీద నీటిమరక ఇప్పటికీ ఉంది, బొంగు మొదలుకు జానెడు కింద.

ఇక కోడ్ సంగతి. "వెదురుకు రూల్స్ ఏమీ లేవు కదా" అని మీలో కొందరు నాతో అన్నారు. అడితివాడు ఇంజనీర్లకు పుస్తకాల సంగతి చెప్పడం బాగుండదని తెలుసు, కానీ చెప్పక తప్పడం లేదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఆరో భాగంలో కలపతో పాటు వెదురుకు కూడా వేరే ఉపవిభాగం ఉంది. 2005 కోడ్‌లోనూ ఉంది, 2016 కోడ్‌లోనూ ఉంది. బలాన్ని బట్టి జాతుల్ని మూడు గ్రూపులు చేసి పట్టిక ఇచ్చారు. మన సాధన వెదురు పేరు ఆ పట్టికలో కనబడుతుంది. వెదురుతో స్ట్రక్చర్ డిజైన్‌కే ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) 15912 ఉంది, 2018ది. మందు పెట్టడానికి ఐఎస్ 9096, బలం పరీక్షలకు ఐఎస్ 6874. మన రాష్ట్రం 2017 బిల్డింగ్ రూల్స్ కూడా నిర్మాణ భద్రత దగ్గరికి వచ్చేసరికి నేషనల్ బిల్డింగ్ కోడ్ వైపే చూపిస్తాయి. అంటే సంతకం పెట్టడానికి మీకు ఆధారం ఉంది. లేనిది అలవాటు.

మనకు రెండొందల కిలోమీటర్ల అవతల బెంగళూరు ఎయిర్‌పోర్టులో 2022లో ప్రారంభోత్సవం జరిగిన రెండో టెర్మినల్‌కు పోయినప్పుడు తలెత్తి చూడండి. పైకప్పు కింద వరసలు వరసలుగా వెదురే. అక్కడ వెదురు బరువు మోయడం లేదు, అందానికి పెట్టారు, ఆ మాట నేనే ఒప్పుకుంటా. బరువు మోసే సంగతికి వస్తే కోస్టారికా దేశం చూడాలి. 1991 ఏప్రిల్ 22న అక్కడ లిమోన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. భూకంప కేంద్రానికి దగ్గర్లో అప్పటికే కట్టి ఉన్న వెదురు ఇళ్లు నిలబడ్డాయి. తేలికైన ఇల్లు భూమితో పాటు ఊగుతుంది. బరువైనది ఊగలేక విరుగుతుంది. మనవాళ్లు కూడా ఊరుకోలేదు. బెంగళూరులోనే ప్లైవుడ్ పరిశోధన సంస్థవాళ్లు వెదురు ఇల్లు ఒకటి కట్టి, భూకంపంలా ఊపే బల్ల మీద పెట్టి పరీక్షించారు. మహారాష్ట్రలో 2023లో చంద్రపూర్ వైపు హైవే పక్కన రెండొందల మీటర్ల పొడవున ఇనప రైలింగుకు బదులు మందు పెట్టిన వెదురుతో అడ్డుకట్ట వేశారు. కార్లు గుద్దుకునే చోట పెట్టడానికి పనికొచ్చింది, మామిడితోటలో వసారాకు పనికిరాదా?

ఈ మధ్య నాకు ఎదురయ్యే ప్రశ్న హాంకాంగ్. 2025 నవంబరులో అక్కడి తాయ్ పో లో అపార్టుమెంట్లకు అంటుకున్న మంటలు టీవీలో అందరూ చూశారు. చుట్టూ వెదురు పరంజా. "చూశావా నీ వెదురు" అని ఆ రోజు నాకు ఆరు ఫోన్లు వచ్చాయి. వెదురు కాలుతుంది. కాలదని చెప్పేవాడు అబద్ధాలకోరు. అక్కడ పరంజాకు కట్టిన వలలు, కిటికీలకు అంటించిన ఫోమ్ షీట్లు మంటను పైకి పాకించాయని అక్కడి అధికారులే చెప్పారు. ఆ సంగతి వదిలేసినా, పొయ్యి దగ్గర, కరెంటు వైర్ల దగ్గర వెదురు బయటికి కనబడేలా పెట్టకూడదు, గోడకు రెండు పక్కలా పూత ఉండాలి, వైరు గొట్టంలోనే పోవాలి. పది అంతస్తులకు వెదురు వాడమని నేను అడగడం లేదు. ఒక్క అంతస్తు, చుట్టూ ఖాళీ స్థలం, పల్లెలో, తోటలో, బడి వరండాలో, అంగన్‌వాడీ ముందర నీడకు. అంతే.

ఇంకో అడ్డంకి మీది కాదు, జనానిది. ఒక పెద్దావిడ కొడుకు వెదురు గది వేయించుకుంటానంటే, "పాడె కట్టే కట్టెతో ఇల్లా?" అని నా అడితి ముందరే గొడవపెట్టుకుంది. నాకేం చెప్పాలో తోచలేదు. లోపల్నుంచి మా అమ్మ వచ్చి, "ఏమ్మా, నీ కొడుకు పుట్టగానే పడుకోబెట్టింది చాటలోనేనా, వెండి పళ్లెంలోనా? నీ పెళ్లికి మేనమామ నిన్ను ఎత్తుకొచ్చింది దేంట్లో? గంపలో కాదా?" అంది. ఆవిడ నవ్వేసింది గానీ గది మాత్రం వేయించుకోనివ్వలేదు. మన శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్ల కలం కూడా వెదురు పుల్లే, అది దేవుడి బొమ్మ గీస్తే ఎవరూ పాడె అనరు.

చట్టం సంగతీ ఒకటి చెప్పాలి, ఇది పాస్ చేసే అధికారులకు. 1927 అటవీ చట్టంలో వెదురును చెట్టు కింద లెక్కేశారు. గడ్డిజాతి మొక్కను తొంభై ఏళ్లు మాను అన్నారు. 2017లో ఆ చట్టాన్ని సవరించి అడవి బయట పెరిగిన వెదురును చెట్టు నిర్వచనంలోంచి తీసేశారు. రైతు పొలంలో వెదురు కోయడానికి, తరలించడానికి ఆ చట్టం కింద పర్మిట్ అక్కర్లేదు. కానీ ఎర్రచందనం దొంగల పుణ్యమా అని మన దారుల్లో చెక్‌పోస్టులకు లోటు లేదు. రెండేళ్ల కింద ఒక రైతు గట్టు మీది బొంగుల్ని తెస్తుంటే నా వ్యానును ఒక చెక్‌పోస్టు దగ్గర సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఆపేశారు. ఏ చెక్‌పోస్టో ఇప్పుడు అనవసరం. అక్కడున్న కుర్రాడికి నిజంగా తెలియదు. చట్టం కాగితం ప్రింటు తీసి చూపించాక వదిలాడు, టీ కూడా ఇప్పించాడు. ఆ కాగితం ఇప్పుడు వ్యాను డాష్‌బోర్డులోనే ఉంటుంది. శేషాచలం అడవి వెదురు నేను అడగను. అది జంతువులది, అక్కడే ఉండాలి. రైతులు గట్ల మీద వేసుకునే వెదురు గురించే నా గోడు. అదీ అన్నిచోట్లా కాదు. పలమనేరు, కుప్పం పక్క కౌండిన్య అడవి అంచున వెదురు నాటితే ఏనుగులకు అడ్రసు రాసి ఇచ్చినట్టే. ఆ రైతుల ఉసురు మనకెందుకు.

ఇంతకీ మీ నుంచి నాకు కావాల్సింది పెద్దదేం కాదు. మీ ఇంజనీర్ల సంఘాలు రెండు జిల్లాలకూ కలిపి ఒక్క మందుతొట్టి పెట్టించమని గట్టిగా అడగండి. నేషనల్ బ్యాంబూ మిషన్‌లో వెదురుకు మందు పెట్టే, ఆరబెట్టే యూనిట్లకు సాయం చేసే ఏర్పాటు ఉంది. నాలాంటి అడితివాడు అడిగితే అర్జీ బల్ల మీద ఉండిపోతుంది, మీరు అడిగితే కదులుతుంది. తొట్టి ఉంటే ఎవడి బొంగులు వాడు తెచ్చి ముంచుకుంటాడు, పసుపు పరీక్ష చేసి బొంగు మీద ముద్ర వేస్తారు. ముద్ర లేని బొంగుకు మీరు సంతకం పెట్టొద్దు. నా సరుకైనా సరే పెట్టొద్దు. అలా అయితే ఏ నెలలో కోశావని మమ్మల్ని అడిగే గిరాకీ మళ్లీ పుడుతుంది, మా కుర్రాళ్లు మా అబ్బ విద్య మళ్లీ నేర్చుకుంటారు. ఇప్పుడు మా వాళ్లలో దబ్బ తీయగలిగినవాళ్లు నాకు తెలిసి వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. వాళ్లూ ప్లాస్టిక్ తట్టల దెబ్బకు ఆటోలు తోలుకుంటున్నారు.

మీలో పాలిటెక్నిక్‌లలో, ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు ఉంటే, పిల్లల్ని ఒక పూట నా అడితికి పంపండి. లేత బొంగు, ముదురు బొంగు, పురుగు పట్టిన బొంగు మూడూ చేతికిస్తా. 2016 గదిలోని ఒక వాసాన్ని పారేయకుండా దాచాను. దాన్ని మోకాలి మీద పెట్టి విరిస్తే చాలు, పుస్తకంలో పది పేజీలు చదివినట్టే.

చంద్రగిరి భార్యాభర్తలు చివరికి స్లాబే పోయించుకున్నారు. దాని కింద సెంట్రింగ్ కర్రలు నావే. అద్దె కూడా టైముకే ఇచ్చారు. మొన్న ఏప్రిల్‌లో ఆమె ఫోన్ చేసి, "అన్నా, మధ్యాహ్నం లోపల ఉండలేకపోతున్నాం, ముందరన్నా ఒక వెదురు వసారా వేస్తారా?" అని అడిగింది. వసారాకూ స్ట్రక్చర్ సంతకం కావాలంటున్నారు. ఎవరి దగ్గరికి పోవాలో నాకు తెలియడం లేదు.

పరంజా మీద నన్ను గ్యారంటీ అడిగిన సారుకూ, మీ అందరికీ ఒకటే మనవి. మా అమ్మ గది ఎప్పుడొచ్చినా చూపిస్తా. సుత్తి తెచ్చుకోండి, డ్రిల్లు తెచ్చుకోండి, పసుపు నేనిస్తా. ఎడమవైపు వెనకాల గుంజ మీకోసమే వదిలేశాను, ఎక్కడ కావాలంటే అక్కడ తొలిచి చూసుకోండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం రావొద్దు, ఆ టైములో మా అమ్మ అక్కడ పడుకుని ఉంటుంది.

ఇట్లు,
మీ బొంగుల అడితివాడు,
తిరుపతి